చెల్లని చీటీలు

కాదురా ప్రేమ్‌కుమారూ, గెలిచినోడివి గెలిచినట్టుండక, కద్మాలో మా ఇంటి దాకా వచ్చి నా ముందర తల వంచుకుని కూకుంటావేటి? ఓడినోణ్ణి నేను. ఆ మొహం నేను పెట్టాలి.

చీటీలు లెక్కపెట్టిన సోమేశ్వరరావు ఫోన్ చేసినాడా? చేత్తాడు. ఏటన్నాడు? నీకు పడ్డ చీటీలు చెల్లవన్నాడా?

నిజమేరా. ఈ హిందీ ఊళ్లో మన తెలుగు సంఘం రూలు అలాగే ఉంది. కార్యదర్శి ఎన్నికకి చీటీ మీద పేరు తెలుగులోనే రాయాలి. తప్పు రాస్తే చెల్లదు. ఆ రూలు పెట్టిందెవడు? ఈ సీతారామరావే. ఎందుకు పెట్టానో నీకు తెలీదు, నువ్వప్పుడు నిక్కరేసుకుని తిరిగీవోడివి. ఆ ఏడు సూర్యం, సూర్యప్రకాష్ ఇద్దరూ నిలబడ్డారు. సగం మంది 'సూర్య' అని రాసి, ఆ తర్వాత ఏదో గీత గీకి మడిచీసినారు. ఇది నాదంటే కాదు నాదని భాలుబాసాలో మన సంఘం హాల్లో కుర్చీలు గాల్లోకి లేచినాయి. ఓటెయ్యడానికొచ్చిన దాలమ్మయితే మైకు పీకి చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. అదీ కథ.

నువ్వేమో 'చల్తా హై మామయ్యా', నడిచిపోతాదిలే అంటావు. చల్తా హై ఏటిరా? మన సంఘంలో సన్యాసమ్మని అడుగు. కార్డు మీద పేరులో ఒక్క అక్షరం తప్పు పడింది. మొగుడి పింఛను కోసం, తను తనేనని రుజువు చేసుకోడానికి ఆ ముసలావిడ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. కౌంటరు అవతలోడు 'ఈ పేరు గల ఆవిడ ఎక్కడ?' అంటాడు. ఎవర్ని? ఎదురుగా నిలబడ్డ మనిషినిరా! అక్షరం తప్పితే మనిషి బతికుండగానే మాయమైపోతాది.

టీ తాగు. చల్లారిపోతంది.

ఇన్నేళ్లూ కార్యదర్శిగా సంఘం నోటీసులన్నీ నేనే రాసినాను. సాక్చీ బజార్లో ఫ్లెక్సు షాపాయన పక్కన కూచుని మరీ వేయించినాను. ఆయనకి తెలుగు ముక్క రాదు. అక్షరాల్ని బొమ్మల్లాగా అతికిత్తాడు. వొత్తు ఊడి పక్క మాట కింద పడితే, 'డిజైన్ హై సర్' అంటాడు! నేను లేకపోతే మన ఉగాది బోర్డు, గోడ మీద పిడకలు కొట్టినట్టుండేది.

ఎలా రాసీవోణ్ణి! 'యావన్మంది సభ్యులు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయవలసిందిగా మనవి.' తప్పు పట్టమను, ఎవడైనా.

ఏటీ? ఎవరూ వచ్చేవారు కాదా? వచ్చేవారురా. భోజనాల టైముకి. అది నోటీసు చదివి కాదు, పులిహోర వాసన పట్టి. సరే, ఒప్పుకుంటాను.

మరి నీ నోటీసుకి నువ్వేటి చేసినావు? తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో అచ్చేయించి ఇంటింటికీ పంచీసినావు. చూడగానే ఒళ్లు మండిపోయింది. తప్పులన్నీ దిద్ది నీ మొహాన కొడదామని ఎర్ర పెన్ను తీసినాను. ఏటి దిద్దీది? హిందీలో మన పొట్టి 'ఎ' లేదు, పొట్టి 'ఒ' లేదు. అందులో ఏది తప్పో, ఏది ఒప్పో తేల్చడానికి రూలే లేదు! దిక్కుమాలిన కాగితం. తప్పు పట్టడానికి కూడా పనికిరాదు.

అక్కడే వచ్చింది తంటా. మీ అత్తయ్య ఈశ్వరి చిక్కుడుకాయల ఈనెలు తీత్తూ ఆ కాగితం అందుకుంది. తను పుట్టింది ఈ ఊళ్లోనే గదా, చదివింది హిందీ బడిలో. పైకి చదవడం మొదలెట్టింది. 'అందరూ వత్తారు కదా? రాకపోతే మీ ఇంటికొచ్చి లాక్కుపోతాం.' కిసుక్కున నవ్వింది. మళ్లీ మొదట్నుంచీ చదివింది.

నా పెళ్లాం తెలుగు చదవగా వినడం నాకదే మొదలురా.

'నా నోటీసులు ఎప్పుడైనా చూసినావా?' అనడిగినాను. 'ఎందుకు చూడనండీ, నున్నటి కాగితం, డబ్బాల కింద పరచడానికి బాగుంటాది' అంది. అబద్ధం కాదు, వంటింట్లోకి తీసుకెళ్లి చూపించింది కూడానూ. పోపుల డబ్బా కింద 'విచ్చేయవలసిందిగా'. దాని మీద నూనె మరక.

నవ్వుకో, నవ్వుకో. గట్టిగా నవ్వకు. లోపలుంది, వింటాది.

ఇప్పుడు సంగతికొద్దాం. సోమేశ్వరరావేమంటాడు, చీటీలు మళ్లీ తీయిద్దాం, తప్పు రాసినవి ఏరి పడేద్దాం, కార్యదర్శి మళ్లీ మీరే అంటన్నాడు. మాట నిజమే. లెక్కపెట్టినప్పుడు నేనూ చూసినాను. నీ పేరుకి అన్ని రూపాలున్నాయని నీకైనా తెలుసా? ఒకడు తల తీసీసినాడు, ఇంకొకడు తోక కోసీసినాడు. ఒకావిడైతే చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్టు, గీత గీతా కలిపి రాసింది. ఆ ముగ్గు నాకు తెలీదేటి? రోజూ మా గుమ్మంలో తొక్కేదేగా.

అవును, మీ అత్తయ్య నీకే వేసింది. ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు నాకు చిక్కుడుకాయ కూర వడ్డించింది.

ఇప్పుడు నేను ఊఁ అంటే చాలు. రూలు నా పక్కనుంది. కుర్చీ నాది. తప్పు రాసిన నీ చీటీలన్నీ, మీ అత్తయ్య చీటీతో సహా, చెత్తబుట్టలోకి పోతాయి.

వద్దని చెప్పీసినాను సోమేశ్వరరావుకి. ఇంతకుముందే.

ఏయ్, లే! కాళ్లు పట్టుకోకు. పెద్దమనసూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అలాగని బయట చెప్పకు, అబద్ధమాడినోడివవుతావు.

చెప్తాను విను. రూలు ప్రకారం ఏరితే నీకు ఒక్క చీటీ మిగులుతాది. ఒక్కటంటే ఒక్కటే. రావొత్తు దాని చోట అది, పొల్లు దాని చోట అది, దీర్ఘం దీర్ఘంలాగ. నేరుగా అచ్చుకి పంపించొచ్చు. ఇన్నేళ్లూ నా పక్కన కూచున్న సోమేశ్వరరావు ఆ చేతిరాత ఎవరిదో ఒక్క చూపులో పట్టేత్తాడు.

అలా నోరు తెరుచుకుని చూడకు. తప్పుగా రాసుంటే ఎవడికీ తెలిసేది కాదు గదా అంటావా?

తప్పుగా రాద్దామనే కూచున్నానురా. చెయ్యి రాలేదు.