పెరీ అని పిలిచేవాళ్లు

తండ్రిని సమాధి చేసిన మర్నాడు పొద్దున్నే, పొగమంచు కమ్మిన సరస్సు ఒడ్డున కొడుకు ఒక్కడే కూర్చున్నాడు. తనను పెంచిన ముసలి ఆయా వెతుక్కుంటూ వచ్చింది.

"లార్డ్ ఆష్‌మియర్ గారూ..."

"అలా పిలిచేది నాన్నని, ఆయమ్మా!"

"నిన్నటిదాకా. ఇక ఊరంతా మిమ్మల్నే అలా పిలుస్తుంది."

"మంచు ఖండం నడిచొచ్చి పేరు తెచ్చుకుంది ఆయన. నేను గులాబీలు పెంచుకునేవాణ్ణి. నన్ను పెరీ అనేవాళ్లే ఉండరా ఇంక?"

"మీ తాతగారు పోయిన మర్నాడు మీ నాన్నగారూ ఇక్కడే కూర్చున్నారు. 'నన్ను హ్యూ అని ఎవరంటారు ఇంక?' అని ఒకటే దిగులు."

"నాన్న కూడానా! నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? మీ ఉయ్యాల ఊపడానికి చేరి వారమే. భయమేసి ఊరుకున్నా."

నీళ్లమీద మంచుతెర మెల్లగా జరిగింది.

"ఇప్పుడైతే?"

"ఒళ్లంతా తడిసింది. లే పెరీ, లోపలికి పద."