అయిదు సెకన్లు

తొంభై ఎనిమిదిలో, నాంపల్లి స్టేషన్ వెనక ఒక కిరాయింట్లో, పిల్లల మాటల మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి బొమ్మల కార్డులు సర్దుకుంటోంది. మూడేళ్ల జిప్పోరా ఒక్కదానికీ జవాబివ్వలేదు.

"మా మనవరాలిని మాటలు రాని పిల్ల అని రాస్తరా మేడమ్?" అంది నానమ్మ.

"అడిగాక గడియారం చూసుకుంటూ అయిదు సెకన్లు ఆగుతానమ్మా. అప్పటికీ చెప్పకపోతే సున్నా."

"గట్లనా! నిన్న మీరు పోయినంక ఇది గుడ్డబొమ్మను ఎదురుంగ కూసోబెట్టుకొని, అచ్చం మీలెక్కనే 'ఇదేంది, చెప్పు తల్లీ' అని అడిగింది."

"నిజంగానా! బొమ్మ చెప్పకపోతే సున్నా వేసిందా?"

"ఏడ మేడమ్! అన్నానికి పిలిచినా లేవలే. 'ఆగు నానమ్మా, బొమ్మ ఇంకా ఆలోచిస్తున్నది' అన్నది."

ఆ అమ్మాయి తన చేతి గడియారం విప్పి సంచిలో వేసి, కార్డులను మళ్లీ చాప మీద పరిచింది.