మడిస్తే ఏ డబ్బా అవుతుంది?

నా ఈ సన్మాన సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రధానోపాధ్యాయురాలు నవనీత గారికి, వేదిక మీది పెద్దలకు, ఫ్యాన్ కింద జాగా దొరికిన మిత్రులకు, దొరకని మిత్రులకు నమస్కారం.

ఇందాక కమలాకర్ సార్ మాట్లాడుతూ, సీతారాములు సారు కళ్లు మూసుకుంటే ఘనాలు ఆయన తలలో గిర్రున తిరుగుతాయని, ఇన్నేళ్లుగా స్కాలర్‌షిప్ పరీక్షకు పిల్లల్ని తయారుచేసింది ఆ తలకాయేనని సెలవిచ్చారు. పొగడ్తకు అడ్డుపడటం మర్యాద కాదని ఊరుకున్నాను గానీ, ఎండకు తల తిరగడమే తప్ప నా తలలో ఏ ఘనమూ ఎన్నడూ తిరగలేదు. (నవ్వులు) పాచిక బొమ్మ చూపి అడుగున ఏ అంకె ఉందని అడిగితే నేను పైకప్పు వైపు చూసేవాడిని, గుర్తుందా? అప్పుడు నా కుడిచెయ్యి జేబులో ఉండేది. జేబులో, నలుచదరంగా కోసి, ఒక్కో ముఖానికి లెక్కప్రకారం గుంటలు పొడిచిన ఆలుగడ్డ ఉండేది. అదిగో, మా ఆవిడ సుహాసిని తలూపుతోంది, ఆ ప్యాంట్లు ఉతికింది ఆమే కదా. (నవ్వులు)

ఆలుగడ్డకు లొంగని ప్రశ్న ఒకటుంది. కాగితం మీద ఆరు గళ్లు గీసి, ఒకదాంట్లో చుక్క, ఇంకోదాంట్లో గీత పెట్టి, మడిస్తే కింది నాలుగు డబ్బాల్లో ఏది అవుతుందని అడుగుతారు. దానికి నేను గైడు చివర ఉండే జవాబుల పేజీని నమ్ముకున్నాను. తొమ్మిదేళ్ల కింద మాదిరి పరీక్ష పెట్టి, ఆ పేజీ చూసి రెండోది అన్నాను. ఎనిమిదో తరగతి సింధూజ లేచి నిలబడింది. వాళ్లమ్మ ఉప్పలమ్మ నార్కట్‌పల్లి చౌరస్తాలోని మిఠాయి దుకాణానికి అట్ట డబ్బాలు మడిచి ఇచ్చేది, కూతురు కూడా బడికి వచ్చే ముందు ఓ వంద మడిచేది. గాలిలోనే చేతులు మడుస్తూ, "చుక్క, గీత ఎదురెదురు అట్టలైతయి సార్, పక్కపక్కకు రావు. మూడోది" అంది. అచ్చేసినవాళ్ల కన్నా నీకెక్కువ తెలుసా అన్నాను. పిల్లలంతా నవ్వారు, ఆమె కూర్చుంది.

ఇంటికెళ్లి కాగితం కత్తిరించి మడిచాను. మూడోదే.

మర్నాడు చెప్పాలి, చెప్పలేదు. సారు తప్పన్న మాట బడిలో ఒకసారి పుడితే అది నా జేబు దాకా వస్తుందని భయం. పరీక్షలో ఇదే రావాలని రాసిపెట్టి ఉందా అని సర్దిచెప్పుకున్నాను. రాసిపెట్టే ఉంది. సింధూజ రెండోది అని రాసింది, ఒక్క మార్కుతో స్కాలర్‌షిప్ పోయింది, పదో తరగతితో చదువు ఆగింది. ఆ ఏడే నాకు ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు.

నిన్న ఈ సభకు పిలవడానికి ఆ దుకాణానికి వెళ్లి, ఇప్పుడక్కడ మిఠాయి తూకం వేస్తున్న సింధూజకు ఇదంతా చెప్పుకున్నాను. పిచ్చిపిల్ల నన్ను నమ్మి రాసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమె పని ఆపకుండానే అంది: "మూడోదే అని నాకెర్కనే సార్. మీరు రెండోదన్నరు గదా, మిమ్మల్ని కాదని ఎట్ల రాయాలె?"

మిత్రులారా, నా దగ్గర పిల్లలు నిజంగా బాగా నేర్చుకున్న పాఠం ఇదొక్కటే.

ఈ సన్మానానికి, మీ ఓపికకు కృతజ్ఞుణ్ని. మూడో వరుసలో ఉప్పలమ్మ పక్కన కూర్చున్న సింధూజా, ఆనాడు క్లాసు ఎదుట అనాల్సిన మాట ఈనాడు ఊరి ఎదుట అంటున్నాను. నీ జవాబు ఒప్పు, నాకు తెలిసీ దాచాను. క్షమించమని మాత్రం అడగను తల్లీ. అడిగితే, సార్ చెప్పారు కదా అని క్షమిస్తావు.

సెలవు.