అందిందా, జారిందా

థాంక్స్‌గివింగ్ పండగ మధ్యాహ్నం, అమెరికాలోని ఓహాయోలో మంచు కురుస్తోంది. పండక్కి వండిన టర్కీ కోడి చల్లారిపోతోందని లోరెట్టా లోపల్నించి కేకలు పెడుతోంది. ఆమె తమ్ముడు మాత్రం ముప్పై ఏళ్ల అలవాటు ప్రకారం వరండా దాటి రానంటున్నాడు. ఒకప్పుడు, బంతిని చేతుల్తో పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెఫరీగా చేసిన ఆమె మొగుడు మోకాళ్లు పట్టుకుని అతని పక్కన కూలబడ్డాడు.

"నువ్వు రెఫరీగా ఉన్న ఆ స్కూలు ఫైనల్లో నేను బంతి పట్టానని చెప్పు బావా, వస్తాను."

"నేల మీద పడ్డాక కూడా బంతి చేతుల్లోనే ఉండాలిరా. ఏటా చెబుతూనే ఉన్నాగా."

"ఏటా మారుస్తూనే ఉన్నారుగా ఆ రూలు! మా అక్క కర్టెన్లు కూడా అన్నిసార్లు మార్చలేదు."

"ఏ రూలైతేనేం, నేను చూస్తేగా."

"ఏంటీ?"

"నీ వీపు అడ్డమొచ్చింది. ఊరంతా నా వైపే చూస్తోంది. అందలేదని చేతులు ఊపేశాను. అలిసిపోయానురా, ఇంక దాచలేను."

కొడతాడేమోనని బావ కాస్త వెనక్కి జరిగాడు. తమ్ముడు టోపీ మీది మంచు దులుపుకున్నాడు.

"పడేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను బావా. బంతి జారిందో లేదో నీకైనా తెలుసనుకునే ఇన్నేళ్లూ అడిగాను."

"మరిప్పుడు?"

"ఇంకెవర్ని అడుగుతాం? లే, చెయ్యివ్వు. తిందాం పద."