చుక్క లేని చోటు

ఆక్టోపస్‌ల మీద పరిశోధన చేసే పెద్దకూతురి గదిలోకి తల్లి మూత బిగించిన గాజుసీసాతో వచ్చింది.

"నువ్వు నీళ్ళలో దిగి ఏమైపోతావో అని నేనే పట్టుకొచ్చానే. రాళ్ళ గుంటలో దొరికింది. వేలెడంత లేదు, ముద్దుగా ఉంది."

కూతురు సీసాను వెలుగులోకి ఎత్తింది. లోపలి జీవి ఒంటి మీద నీలి వలయాలు ఒక్కసారిగా మెరిశాయి.

"అమ్మా! చేత్తో పట్టుకున్నావా?"

"నేనా? చచ్చిన చేపనే ముట్టను. గరిటెతో తీశాను. ఏమైందే?"

"ఇది నీలి వలయాల ఆక్టోపస్. ఇందులో ఏ జాతి కరిచినా నొప్పి తెలీదు, ఊపిరి ఆగిపోతుంది. విరుగుడు లేదు."

"ఆ మాయదారి జాతా! అది మన ఒడ్డున లేదు కదే! అవి దొరికిన చోటల్లా ఆ గోడ మీది పటంలో చుక్కలు పెట్టింది నువ్వే. మన తీరమంతా ఖాళీగా ఉంది!"

"ఖాళీ అంటే లేదని కాదమ్మా. అక్కడ ఎవరూ వెతకలేదని."

తల్లి పటం వైపు తిరిగింది. పిల్లి తుమ్మినా హడలిపోయే ఆమె, లోకంలో నమ్మింది ఆ ఖాళీ ఒక్కదాన్నే.

"చుక్క లేదనే కదే చెల్లిని అక్కడికి ఈతకి పంపుతున్నాను!"

"ఇప్పుడెక్కడుంది?"

"అక్కడే. ఇంకోటి ఉంటే పట్టుకురమ్మన్నాను."

"దేంతో?"

"గరిటె నేను తెచ్చేశానే..."

కూతురు చెల్లికి ఫోన్ చేసింది.

"చెల్లీ! చేతులు నీళ్ళలోంచి తియ్యి!"

"ఎందుకక్కా? గుంటలన్నీ కెలికాను, ఒక్కటీ కనబడలేదు. ఇక్కడ లేవని అమ్మకి చెప్పు."

తల్లి ఫోన్ లాక్కుంది.

"కనబడకపోతే లేవని కాదే, తల్లీ! ముందు ఒడ్డెక్కు!"