చిటికెన వేలి నుంచి

హాల్లో అధికారులు టీ తాగుతున్నారు. టీచరమ్మకి ఇవాళ కాలు నేల మీద నిలవడం లేదు. ఆ హడావిడిలోనే, వరండాలో, ఓ ముసలావిడ అడ్డం తగిలింది.

“ఇప్పుడు కాదు పెద్దమ్మా, ఇప్పుడు కాదు. చూస్తున్నావుగా, నాకు ఊపిరి తిరగట్లేదు.”

“ఒక్క మాటేనమ్మా.”

“నీ ఒక్క మాట సంగతి నాకు తెలుసులే. ఆ తలుపు దగ్గర నుంచి కాస్త జరుగు. ఇదిగో, ఆ బ్యానరు వంకరగా ఉందా?”

“నాకు చదువు రాదు కదమ్మా.”

“చదవమన్నానా? వంకరగా ఉందా లేదా అన్నాను. ‘అందరి లెక్క, అందరి సైన్సు.’ కింద మీ గూడెంవాళ్ళు లెక్కపెట్టే చెయ్యి బొమ్మ వేయించాను, చూడు. వేళ్ళూ, కణుపులూ, అన్నీ. రంగు మాత్రం కాస్త తగ్గించమన్నాను. లేకపోతే అసహ్యంగా... అదే, మరీ ముదురుగా కనిపిస్తుందని.”

“బాగుందమ్మా. మా గువ్వ లెక్క చెప్పే పిల్లల వరసలో ఉందా?”

“ఎవరూ?”

“మా మనవరాలమ్మా. గువ్వ.”

“ఆ, గువ్వ. చూడు పెద్దమ్మా, లోపలున్న పెద్దవాళ్ళకి ఈ పాఠం నచ్చిందంటే వీడియో తీసి అన్ని స్కూళ్ళకీ పంపిస్తారు. మిగతా టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి నన్ను తీసుకుంటారు. ఈ సుద్దపొడి మింగే బతుకు నుంచి బయటపడతాను. మీవాళ్ళ లెక్కకి కూడా ఎంత పేరు!”

“చాలా సంతోషం. గువ్వ వరసలో ఉందా?”

“పట్టిన పట్టు వదలవు కదా! లేదు.”

“లేదా?”

“లేదు.”

“ఆ చివర్న కూడా? ఒక్క కణుపు మీద కూడా దాని పేరు లేదా?”

“లేదు తల్లీ, లేదు! నా మీద పడి ఏడవకు. అంతా అది చేతులారా చేసుకున్నదే. ప్రాక్టీసు మొదలైన రోజు నుంచీ ఒకటే గోల. పిల్లలు లెక్క అందుకోగానే చెవులు మూసుకుంటుంది. ‘అటు నుంచి కాదు, అటు నుంచి కాదు’ అని కీచుమంటుంది. నాకే లెక్కలు నేర్పుతోంది! ‘మీ అమ్మమ్మే స్వయంగా వచ్చి నేర్పింది, ఆవిడ కంటే నీకు ఎక్కువ తెలుసా’ అన్నాను. అప్పుడు మూసింది నోరు.”

“మూసిందా.”

“మూయక ఏం చేస్తుంది? అందుకే తీసేశాను. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని గ్లాసులు కడగమన్నాను. వెనక పంపు దగ్గరుంది.”

“అమ్మా! అమ్మా!”

“స్కూల్లో అమ్మా అనకు, టీచర్ అనమని ఎన్నిసార్లు చెప్పాలి పండూ?”

“టీచర్! నువ్వొచ్చేదాకా ఆగాలా, మేమే మొదలెట్టెయ్యాలా?”

“గంట వినపడగానే మొదలెట్టెయ్. ఏది, ముందు ఎవరు?”

“నేనే! ఎడమ చెయ్యి, చిటికెన వేలు, మొదటి కణుపు, నా పేరు. రెండో కణుపు లీడరుది. తర్వాత కవలలిద్దరూ. అందరి పేర్లూ అయ్యాక పిడికెడు మట్టి తీసుకుని, ఇలా, నెమ్మదిగా వదిలెయ్యడం.”

“నా బంగారు కొండ! పెద్దమ్మని అడుగు, తప్పేమైనా ఉందేమో.”

“అమ్మమ్మా, సరిగ్గా ఉందా?”

“సరిగ్గా ఉంది తల్లీ. ఒక్క తప్పు లేదు.”

“మరి గువ్వ తప్పంటుందేం?”

“అది పిరికిది. నువ్వెళ్ళమ్మా, లోపల పిలుస్తున్నారు.”

“చూశావా, ఎంత చక్కగా చెప్పిందో! ఆ మట్టి వదలడం ఉంది చూడు, దాన్ని మాత్రం గట్టిగా వాడుకున్నాను. అక్కడ మట్టి రకాలు, వానపాములు, నేల తడి అని సైన్సు కలిపేశాను. ఒకే దెబ్బకి రెండు పాఠాలు.”

“మేం దాన్ని అలా అనుకోలేదమ్మా.”

“మీరెక్కడ అనుకుంటారు! అనుకోవడానికేగా మేమున్నది.”

“అమ్మా, ఆ దారం సంగతి...”

“ఏ దారం?”

“పరీక్ష రోజు గువ్వ వేళ్ళకి కట్టారు కదా. ఆ దారం.”

“అబ్బా, అది ఇంకా కడుపులో పెట్టుకున్నావా! కణుపులు లెక్కపెట్టకూడదని కట్టాను. పరీక్షలో వేళ్ళు నలుపుకుంటూ కూర్చుంటే బుద్ధి ఎప్పటికి పెరుగుతుంది?”

“అవే వేళ్ళు ఇప్పుడు ఆ బ్యానరు మీద—”

“అప్పటికి ఈ కొత్త పుస్తకం రాలేదు! పిల్లల ఇంట్లో లెక్క కూడా లెక్కే అని ఇప్పుడు అందులో రాశారు. వాళ్ళు రాయకముందే నేను కలగంటానా?”

“ఇంటికొచ్చినా విప్పనివ్వలేదమ్మా. టీచరమ్మ విప్పమనలేదంది. అలాగే పడుకుంది. పొద్దున్నకి వేళ్ళు నల్లగా కమిలిపోయాయి.”

“అవి ముందు నుంచీ నలుపే కదా! సరే సరే, అలా చూడకు, ఏదో నవ్వులాటకి అన్నాను.”

“పోనీ, ఒక్క మాట చెప్తారా దానికి? పంపు దగ్గరే ఉందిగా. తప్పయిందమ్మా అని. అంతే. గంట కొట్టేలోపు.”

“నేనా? దానికా?”

“మీరా మాట చెప్తే నేనూ మీకో మాట చెప్తాను.”

“ఏమిటిది, బేరమా? టీచరు వెళ్ళి పిల్లకి తప్పయిందని చెప్పడం ఎక్కడైనా విన్నావా? రేపటి నుంచి నెత్తినెక్కి కూర్చుంటారు ఒక్కొక్కరూ.”

“చెప్పరా?”

“చెప్పను.”

“ఆఖరి నిమిషంలో జాలిపడి దాన్ని వరసలో కలిపేస్తారేమో...”

“చచ్చినా కలపను! చాలా? ఒట్టు వెయ్యనా?”

“వద్దమ్మా. ఆ మాట చాలు.”

“అదేంటి, నవ్వుతున్నావు? మనవరాలిని పక్కన పెట్టారంటే ఏడవాలి గానీ.”

“అదుగో, గంట కొట్టారమ్మా.”

“కొట్టారు, కొట్టారు. మొదలెట్టేశారు కూడా. విను, మా పండు గొంతు ఎలా ఖంగుమంటోందో! ఇంతకీ ఏదో చెప్తానన్నావు. తొందరగా చెప్పు, నేను లోపలికి వెళ్ళాలి.”

“ఆ రోజు మీరు నన్ను పిలిపించి మీ లెక్క నేర్పు అన్నారు. ఏ లెక్కమ్మా అని అడిగాను. గుర్తుందా?”

“ఏదో ఒకటి, చూడ్డానికి బాగుండేది చెప్పమన్నాను. ఎటు నుంచి లెక్కపెట్టినా పదికి పదే కదా అన్నాను. అయితే ఏంటి?”

“బతికున్నవాళ్ళని మేం బొటనవేలి నుంచి లెక్కపెడతాం. కుడిచెయ్యి. గువ్వ పెట్టేది అదే. మీరు దారం కట్టింది ఆ వేళ్ళకే.”

“మరి ఇది?”

“ఎడమ చెయ్యి, చిటికెన వేలు, పేరు, పిడికెడు మట్టి. పోయినవాళ్ళని పూడ్చిపెట్టి వచ్చాక లెక్కపెట్టేదమ్మా ఇది.”

“ఛీ! ఏం మాటలవి? నోరు కడుక్కో! పండూ! ఒసేయ్ పండూ, ఆగు... అయ్యో, వీడియో తీసేస్తున్నారే. ఇప్పుడు వెళ్ళి ఆపితే... పెద్దమ్మా, నువ్వు అబద్ధం చెప్తున్నావు కదా? చెప్పు, అబద్ధం కదా?”

“వెళ్ళి ఆపండమ్మా. ఇంకా పేర్లే చెప్తున్నారు, మట్టి వదల్లేదు.”

“ఆపితే నేను ఏమైపోవాలి? ఆపి ఏం చెప్పాలి వాళ్ళకి? లేదు, లేదు. ఇవన్నీ మూఢనమ్మకాలు. నేను సైన్సు చెప్పేదాన్ని. నేను నమ్మను.”

“చప్పట్లు కొడుతున్నారమ్మా. మట్టి వదిలినట్టున్నారు.”

“వదలనీ! వట్టి మట్టేగా! నీ లెక్క నాకు లెక్కే కాదు, పో!”

“మీ పుస్తకంలో లెక్కే అని రాశారన్నారుగా టీచరమ్మా. ఆ లెక్కన, ఇక మీ క్లాసులో బతికున్నది మా గువ్వ ఒక్కతే.”