సిలువ గీసిన రింగులు

1973. ఉప్పల్‌లో ఇంజనీరు సీతారామయ్య ఇంటి వరండా. ఎదుట రూతు నిలబడి ఉంది. నాచారంలో ఆయన పనిచేసే కార్ఖానాలోనే ఆమెదీ పని.

"కూర్చో రూతూ. సెలవురోజున ఇంత ఎండలో నడిచి వచ్చావా?"

"కూసోను సారు. ఒక్క మాట అడిగి పోత. రేపు పొద్దుగాల మా తమ్ముడు లారీ ఎక్కాల్నా, వద్దా?"

"ఏ లారీ?"

"మీరు చెప్పి కొలువు పెట్టిచ్చిన లారీయే. రాజస్థాన్ల కాల్వ పని. నిన్న మా తమ్ముడు దేవసహాయం ముంగట పోతున్న ట్రాక్టరు కింద మందుపాతర పేలింది. సేటు దుకాణానికి ట్రంకాల్ జేసి ఒక్కతీర్గ ఏడ్సిండు."

"అయ్యో. ఎవరికైనా..."

"నడిపేటాయన పోయిండు. ఎన్కల కూసున్న ఆడోళ్లు గూడ పోయిన్రు."

"యుద్ధం ముగిసి రెండేళ్లు కావస్తోంది."

"ఆ సంగతి దానికెట్ల తెలుస్తది సారు? మనిషి నడిస్తే ఊకుంటది, బండెక్కితే లేస్తది. మనం జేసిందే గద."

"మనదేనని ఎలా అంటావు? అటువాళ్లదీ కావచ్చు."

"పటాలమోళ్లు మిషన్ పట్టుకొని బాటంత సూసిన్రట. యాడ మోగలేదట. సాఫ్ ఉంది, పోండ్రి అన్నరట."

"యంత్రమే కదా. ఒక్కోసారి..."

"ఒక్కోసారి ఏంది? మందుపాతర ప్లాస్టిక్‌ది, మిషన్‌కు దొరకది, అందుకే లోపట ఇనుప రింగు పెడ్తున్నం, లడాయి అయినంక మనోళ్లు ఎతికి తీసేటందుకు. గిది మాకు చెప్పిందెవరు?"

"నేనే."

"నేను భయపడి పని ఇడ్సిపెడ్తనంటే చెప్పిన్రు. చంపే పని నీది కాదు రూతూ, కాపాడే పని నీది అని. గా మాట మీదనే ఇన్నొద్దులు అన్నం తిన్న."

"ఆ రోజు నేను అన్నది..."

"రింగు రింగుకు ఆకురాయితోని సిలువ గీసిన. దీన్ని ఎతికి తీసేటోని చెయ్యి సల్లగుండాలె ప్రభువా అనుకుంట గీసిన. ఎర్కనా మీకు?"

"లేదు. అది నిబంధనలకు విరుద్ధం."

"మొన్న నా ట్రేల కొత్త రింగులని పోసిన్రు. సగమిటికి సిలువలున్నయ్. నేను పెట్టినయి మల్ల నా తాన్కే ఎట్లొచ్చినయ్ సారు?"

"మంచినీళ్లు తాగుతావా?"

"వద్దు. చెప్పుండ్రి."

"అవతలి షెడ్డులో తీసేస్తారు. మెరుగు పెట్టి కొత్తవాటిలో కలుపుతారు. ఈసారి మెరుగు పెట్టలేదు కాబోలు."

"ఎప్పటిసంది?"

"యుద్ధానికి ముందునుంచీ. మన యంత్రానికి దొరికేది శత్రువు యంత్రానికీ దొరుకుతుంది. పైవాళ్ల ఆదేశం."

"మరి మాతోని ఎందుకు పెట్టిస్తున్రు?"

"ఆపమంటే ఎందుకని అడుగుతారు. నిజం చెబితే సగంమంది పని మానేస్తారు."

"అంటే ఇటు మేం పెట్టుడు, అటు వాళ్లు తీసుడు. మస్తుంది సారు."

"పాతిన చోట్లకు పటం ఉంటుంది రూతూ. దాన్ని చూసి తీస్తారని నమ్మాను."

"గాలికి ఇసుక గుట్టలే జరుగుతయట ఆడ. పటం జరుగుతదా?"

"మనిషి ఒక పెద్ద యంత్రంలో భాగమైనప్పుడు, అతని సంకల్పం ఎంతవరకు అతనిదో..."

"గదంత నాకు సమఝ్ గాదు. సాయంత్రం వాడు మల్ల ఫోన్ జేస్తడు. ఎక్కకుంటే కొలువు తీసేస్తనంటుండు కంట్రాక్టరు. నేనేం చెప్పాలె?"

"బాట పరీక్ష చేశారన్నావుగా."

"మోగని మిషన్‌తోని!"

"వద్దని నేనంటే, ఎందుకు వద్దన్నావని నన్నడుగుతారు. రహస్యం బయటపెట్టినవాణ్ణవుతాను. నా స్థితి కూడా ఆలోచించు."

"మరి వాణ్ణి పంపేటప్పుడు ఎర్కలేదా మీకు?"

"లేదు. ఆ కాలువ వెళ్లేది పాతిన నేలమీదనే అని నాకు తెలియదు. తెలిస్తే పంపుతానా? నీ తమ్ముడు నాకు పరాయివాడా?"

"ఒట్టు?"

"ఒట్టు."

"సరే సారు. మిమ్ముల నమ్మకుంటే ఇంకెవర్ని నమ్మాలె నేను."

"శారదా, రూతుకు కాస్త మజ్జిగ ఇవ్వు."

"తెస్తున్నా. మీ మాటలు లోపలికి వినబడ్డాయి, ఏమీ అనుకోకు రూతూ. ఏమండీ, దీనికింత ఆలోచన దేనికి? నిరుడు మా తమ్ముడికి అదే కాలువ మీద ఉద్యోగం వస్తే, ఆ మట్టి మీద బండెక్కొద్దని మీరే కదా ఆపేశారు. ఆ మాటే వీళ్ల తమ్ముడికీ చెప్పండి."